పందిరి లేని ద్రాక్షతోట

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఫ్రాన్సులోని సెయింట్ ఎమిలియన్ ఊరి మీద నీవు పంపిన యాత్రావ్యాసం చదివాను. భాష బాగుంది. కాని "ద్రాక్షపందిళ్ళ నీడలో నడుస్తూ ఊళ్ళోకి ప్రవేశించాము" అన్న మొదటి వాక్యం దగ్గరే నా మనసు చివుక్కుమంది. బోర్డో నగరం సమీపంలోని ఆ ఊరి చుట్టూ మెర్లో, కాబెర్నే ఫ్రాంక్ రకాల ద్రాక్షమొక్కలను పొట్టిగా, వరుసలుగా, ఇనుపతీగలకు కట్టి పెంచుతారు. వాటి మధ్య నడిచేవారి తలమీద నీడ పడదు. ఆ పందిరి నీ కళ్ళు చూసినది కాదు, నీవు చదివిన వర్ణనల్లోనిది.

పందిరితోటలు నేనెరుగుదును. నా తొలిరోజుల్లో హైదరాబాదు శివార్ల అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్షతోటల మీద రాయడానికి మూడు రోజులు అక్కడే గడిపాను. ఏడాదికి రెండుమార్లు జరిగే కత్తిరింపులో కూలీలు పొద్దంతా తల, చేతులు పైకెత్తి పనిచేసి, సాయంత్రానికి మెడ తిప్పలేక గట్టుమీద కూలబడడం చూసి రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి, "మరకతాల వంటి గుత్తులు" అని తన వాక్యమొకటి చేర్చి అచ్చువేశాడు. పండిన అనాబ్-ఎ-షాహీ తేనెరంగులో ఉంటుందని కూడా ఆయన ఎరగడు. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు. కూలీ మెడనొప్పిని తీసేసి గుత్తుల మెరుపును మాత్రమే ఉంచే రాతను నేను యాత్రారచన అనను.

"కాలం ఆగిపోయిన ఊరు" అని కూడా రాశావు. ఆ ఊరి కిందనుంచి సున్నపురాయిని తవ్వి తీసి ఇళ్ళు కట్టుకున్నారు. తవ్వగా మిగిలిన సొరంగాలలోనే తరవాత వైన్ పీపాలు నిలవచేశారు. 12వ శతాబ్దంలో ఒకే కొండరాతిని లోపలికి తొలిచి చర్చి చేశారు. పైనున్న గంటగోపురం బరువుకు లోపలి స్తంభాలు బలహీనపడితే, వాటి చుట్టూ ఇనుపపట్టీలు బిగించారు. 1999లో యునెస్కో ఆ ఊరితోపాటు చుట్టూ ఉన్న తోటలనుకూడా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పట్టీలను నీవు చూశావు, చూసికూడా అరవాక్యంలో దాటేసి, సూర్యాస్తమయానికి పేజీన్నర ఇచ్చావు.

ఏ పత్రికకు పంపాలన్న సంగతి తరవాత చూద్దాం. ముందు ఆ స్తంభం దగ్గరికి తిరిగి వెళ్ళు. నేలకింద నిలబడి గోడమీద చెయ్యి వేశానన్నావు కదా. రాయి చల్లగా ఉందా, తడి తగిలిందా, చేతికి పొడి అంటిందా? అది రాసి పంపు.