గొంతు క్యాన్సర్: ఇంట్లో ఆక్సిజన్ పెడితే రేడియేషన్ బాగా పనిచేస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. గొంతు క్యాన్సర్‌కు కాకినాడలో రేడియేషన్ ఇస్తున్నారు. 35 సిట్టింగుల్లో 22 అయ్యాయి. మాది లంక గ్రామం. వరదకు నాలుగు రోజులు, తరువాత ఇంట్లో పెళ్లికి మూడు రోజులు వెళ్లలేకపోయాం. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు చేస్తామంటున్నారు. కణితిలో ఆక్సిజన్ తక్కువైతే రేడియేషన్ పనిచేయదని చదివాను. వేలికి పెట్టి చూస్తే 97 వస్తోంది. ఆక్సిజన్ మిషన్ అద్దెకు తేవచ్చా? నాన్నగారు చుట్టలు తగ్గించి రోజుకు రెండే కాలుస్తున్నారు.
- ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: మీరు చదివింది నిజమే. ఆక్సిజన్ అందని క్యాన్సర్ కణాన్ని చంపడానికి రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. కణితిలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతాయి. కాలువ శివారు చేలకు నీరందనట్టే లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు. వేలి మీద కనిపించే 97 రక్తానిదే గాని కణితిది కాదు. ఆ రక్తం ఇప్పటికే దాదాపు నిండుగా ఉంది కనుక మిషన్ తెచ్చి లాభం లేదు. పైగా చుట్ట వెలిగించే ఇంట్లో ఆక్సిజన్ పెడితే అగ్నిప్రమాదం.

నన్ను కలవరపెట్టింది ఆ ఏడు రోజులు. వరదకు మిమ్మల్ని ఏమీ అనలేను. పడవ దాటే వీలు లేనప్పుడు ఎవరు మాత్రం ఏం చేస్తారు? కానీ నీరు తీసిన తరువాత పెళ్లి కోసం మూడు రోజులు ఆపడం తప్పు, బాబూ. రేడియేషన్‌ను ఇన్ని సిట్టింగులుగా విడగొట్టడానికి ఒక కారణం మీరు అడిగిన ఆక్సిజనే. ఒక విడతకు కొన్ని కణాలు చనిపోతే, మిగిలిన వాటిలో కొన్నింటికి మళ్లీ ఆక్సిజన్ అందుతుంది, అవి తరువాతి విడతకు లొంగుతాయి. మధ్యలో ఆపితే మిగిలినవి పెరుగుతాయి, నాలుగో వారం దాటాక మరింత వేగంగా. ఒక్క రోజు ఆలస్యానికి కణితి అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని అంచనా. పోయిన రోజులను కొంతవరకు పూడ్చవచ్చు. కనీసం ఆరు గంటల ఎడంతో రోజుకు రెండు సిట్టింగులు, లేదా శనివారం కూడా ఇవ్వడం వంటి మార్గాలున్నాయి. ఆయన ఒంటికి ఏది తగునో అక్కడి రేడియేషన్ డాక్టరే చెప్పాలి. మిగిలిన 13 సిట్టింగులు అయ్యేదాకా ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని ఉండండి.

చుట్ట రెండైనా వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. వేలి పరికరం ఆ తేడా పట్టలేదు, అప్పుడూ 97 చూపగలదు. రేడియేషన్ సమయంలో పొగ మానని వారికి ఫలితం తగ్గుతుంది.

9.2 తక్కువే. కారణం తేల్చి, రక్తం ఎక్కించాలా వద్దా అన్నది చికిత్స చేస్తున్నవారే నిర్ణయించాలి. ఆర్‌ఎంపీ గారి ఇంజెక్షన్లు మాత్రం వేయించవద్దు. రక్తం పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు ఇచ్చి చూసిన కొన్ని వైద్య పరిశోధనల్లో తల, మెడ క్యాన్సర్ రోగులకు మేలు బదులు కీడు జరిగింది. అడగకుండా విటమిన్ మాత్రలూ వద్దు.

రిపోర్టులు చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. ఊపిరి ఆడకపోయినా, నోటి నుంచి రక్తం పడినా, నీళ్లు కూడా మింగలేకపోయినా రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపు ఉదయమే రేడియేషన్ విభాగానికి ఫోన్ చేసి, ఏ తేదీల్లో ఆగిందో చెప్పండి.