నది బాణం తిరగకపోతే నడిమి గీతను చూడండి

అందరూ కలిసి గీసే ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నది నీటి ప్రాంతాన్ని ఎన్నిసార్లు తిప్పినా ప్రవాహ దిశ మారట్లేదని, వన్‌వే ట్యాగ్ (ఒకే దిశ అని చెప్పే గుర్తు) పెట్టాలా అని అడిగారు కదండీ. వన్‌వే అక్కర్లేదు. రెండు గట్ల మధ్య గీసిన ఆ ప్రాంతానికి దిశ ఉండదు. నది నడుమ గీసే వాటర్‌వే గీతకే ఉంటుంది. దాన్ని ఎగువ నుంచి దిగువకు గీస్తే చాలు, అదే ప్రవాహ దిశ.

ఆ గీత అసలు ఉందో లేదో ముందు చూడండి. ఉండి, ఎదురు దిశలో ఉంటే దాన్ని ఎంచుకుని, పటాన్ని దిద్దే సాధనాల్లో ఐడీ ఎడిటర్ వాడితే V, జోసమ్ వాడితే R మీట నొక్కండి. నది ముక్కలుగా ఉంటే ప్రతి ముక్కనూ చూడాల్సిందే. ఒక్కటి తిరగబడినా రెండు బాణాలు ఒకే బిందువు దగ్గర ఎదురెదురుగా వచ్చి ఆగిపోతాయి.

ఉపగ్రహ చిత్రంలో నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియకపోతే కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) చూడండి. వాగును దాటేచోట అవి V ఆకారంలో మడత పడతాయి, ఆ మొన ఎగువ వైపు ఉంటుంది. ఉపనది కలిసే కోణాన్ని బట్టి కూడా చెప్పొచ్చు గానీ, నేనైతే అదొక్కటే నమ్మి గీత తిప్పను.

ఇంకో మాట. ఉపనది గీతను గట్టు దగ్గర ఆపేయకండి, చివరి బిందువు ప్రధాన నది గీతకు అతకాలి. మధ్యలో చెరువు వస్తే దాని గుండా కూడా గీత సాగాలి. పోటు నీళ్లు వెనక్కి తన్నే చోటైనా గీత సముద్రం వైపే ఉంచి, ఆ ముక్కకు టైడల్ (పోటు ప్రభావం ఉందని చెప్పే) ట్యాగ్ ఇవ్వండి.