బొటనవేలి గోరు పచ్చబడింది సరే, ఆ నల్ల గీత సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 54. మాది తెనాలి దగ్గర పల్లె. షుగర్‌కి ఆరేళ్లుగా మాత్రలు వాడుతున్నాను. రెండేళ్ల నుంచి కుడికాలి బొటనవేలి గోరు పచ్చబడి, మందంగా తయారై, చివర పొడిపొడిగా రాలుతోంది. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు, 15 రోజులకి మాత్రలు ఇచ్చారు. వాడినా తేడా లేదు. పెరిగిన గోరుని మావారు బ్లేడుతో చెక్కుతున్నారు. ఎడమకాలి బొటనవేలి గోరు మీద సన్నటి నల్ల గీత కూడా ఉంది, నొప్పేమీ లేదు. వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. ఈలోగా గోరు బాగయ్యేలా మంచి క్రీము చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు వివరంగా రాసింది పచ్చబడిన గోరు గురించి. నాకు కంగారు పుట్టించింది మాత్రం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన ఆ నల్ల గీత. ముందు దాని సంగతి చూద్దాం.

చామనఛాయగా, నల్లగా ఉండే మనలాంటి వాళ్లకి గోళ్ల మీద నిలువు గీతలు రావడం కొత్తేం కాదు. నాలుగైదు గోళ్లకి ఉండి, ఏళ్ల తరబడి మారకుండా ఉంటే సాధారణంగా భయపడాల్సిన పని లేదు. బిగుతు చెప్పుల రాపిడికీ, కొన్ని మందులకీ కూడా వస్తాయి. దెబ్బ తగిలి గోరు కింద రక్తం గడ్డకట్టినా నల్లగానే కనిపిస్తుంది. కాకపోతే ఆ మచ్చ గోరుతోపాటు మెల్లగా ముందుకు జరిగిపోతుంది, వెనక మామూలు గోరు వస్తుంది. మీ విషయంలో గీత ఒకే గోరుకి ఉంది, వయసు యాభై దాటింది. ఎప్పటి నుంచి ఉందో మీరు రాయలేదు. గీత రోజురోజుకీ వెడల్పవుతోందా? అందులో రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉందా? గోరు మొదట్లో ఉన్న చర్మం మీదికి నలుపు పాకిందా? గోరు అక్కడ చీలుతోందా? వీటిలో ఏదైనా ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాల్సి రావచ్చు. గోరు కింద పుట్టే మెలనోమా అనే క్యాన్సర్ అరుదైనదే. కానీ మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి చాలామంది పట్టించుకోకుండా కాలం గడిపేస్తారు. మీకు అదే ఉందని నేను అనడం లేదు. గోరు చూడకుండా ఎవరూ అలా అనలేరు, కాదనీ అనలేరు. ఈ వారంలోనే చర్మ వైద్యులకి చూపించండి. పెళ్లయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

ఇంకో మాట. పెళ్లి కదా, కాళ్లకి గోరింటాకు పెడతారు. ఆ ఎరుపు పండిందంటే గీత దాని కింద మరుగున పడిపోతుంది. చర్మం మీది రంగు వారం పది రోజుల్లో పోతుంది, కాలిగోటికి పట్టింది మాత్రం గోరు మొత్తం పెరిగి పోయేదాకా ఉంటుంది. అందుకే గోరింటాకుకి ముందే వెళ్లండి. వెలుతురులో ఫోన్‌తో దగ్గరగా ఒక ఫొటో కూడా తీసి ఉంచండి.

ఇక పచ్చ గోరు. మీరు చెప్పిన లక్షణాలు ఫంగస్‌కి సరిపోతాయి. అయితే ఇలా రూపు మారిన గోళ్లలో ఇంచుమించు సగమే ఫంగస్ వల్ల వస్తాయి. సోరియాసిస్, పాత దెబ్బ, ఇరుకు చెప్పులు, వయసు... ఇవన్నీ గోరుని ఇలాగే చేయగలవు. గోరు పొడి కొంచెం గీకి తీసి మైక్రోస్కోపు కింద చూసే కేవోహెచ్ పరీక్ష, అవసరమైతే ఆ పొడిలో ఫంగస్ పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్ష చేయించాకే మందు మొదలుపెట్టాలి. మీకు ఆ పరీక్ష జరగనే లేదు.

మెడికల్ షాపు సంగతి దగ్గర కొంచెం కోప్పడక తప్పదు. మీరు రాసిన ట్యూబు పేరు ఇక్కడ వేయడం లేదు గానీ, అందులో ఫంగస్ మందుతోపాటు గట్టి స్టెరాయిడ్ కూడా ఉంది. పూయగానే దురద, ఎరుపు తగ్గినట్టు కనిపిస్తాయి, లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. తామరకి ఇలాంటి ట్యూబులు నెలల తరబడి పూసుకుని, ఒళ్లంతా పాకాక వచ్చేవాళ్లని రోజూ చూస్తున్నాను. 2018లోనే చాలా స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. అయినా అడిగితే ఇస్తున్నారు, మనం అడుగుతూనే ఉన్నాం. ఆ ట్యూబు ఆపేయండి.

మాత్ర పేరు రాయలేదు. అది ఏదైనా, 15 రోజుల్లో కాలిగోరు బాగవదు. ఇలాంటప్పుడు ఎక్కువగా ఇచ్చే టెర్బినాఫిన్ సాధారణంగా 12 వారాల కోర్సు, దానికి ముందు లివర్ పరీక్ష చేయించాలి. ఇట్రాకొనజోల్ అయితే గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో పడదు. ఈ పేర్లు చదివి మళ్లీ షాపుకి వెళ్లకండి తల్లీ, మీరు వాడుతున్న మందులన్నీ చూసి డాక్టరు నిర్ణయించాలి. కాలిగోరు నెలకి ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగితే ఎక్కువ. చెడిన గోరు పోయి కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కాబట్టి వచ్చే నెలకల్లా గోరుని బాగుచేసే క్రీము ఏదీ లేదు.

బ్లేడు మాత్రం ఈరోజే పక్కన పెట్టేయమనండి. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, కోసుకున్నా తెలియదు. పుండు పడితే ఓ పట్టాన మానదు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. వేడినీళ్లలో కాళ్లు నానబెట్టి, బొబ్బలు లేచాక కూడా వేడి తెలియలేదని చెప్పిన పేషెంట్లు నాకున్నారు. నీళ్ల వేడి మోచేత్తో చూడండి. ఎక్కువసేపు నానబెట్టడమే వద్దు. గోరుచుట్టు వస్తే నిమ్మకాయ తొడగడం, పిన్నుతో పొడవడం కూడా వద్దు. గోరు తిన్నగా కత్తిరించండి, మూలలు లోపలికి తీయకండి. మందంగా ఉన్నదాన్ని డాక్టరు దగ్గరే అరగదీయించండి. మెట్టెలు బిగుతుగా ఉంటే వదులు చేయించండి, స్నానమయ్యాక వాటి కింద, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి. ఆ సందుల్లో తెల్లగా నాని దురద ఉంటే దానికీ వైద్యం కావాలి, లేకపోతే ఫంగస్ అక్కడి నుంచే మళ్లీ గోటికి ఎక్కుతుంది. పెళ్లికని పార్లర్‌లో పెడిక్యూర్ చేయించుకునే ఆలోచన ఉంటే మానుకోండి.

వేలు ఎర్రబడి వాచినా, చీము, దుర్వాసన, జ్వరం వచ్చినా, వేలి చర్మం నల్లబడుతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, రేపటికి ఆగకూడదు.

గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈమధ్య చేయించకపోతే చేయించండి. పాదాల స్పర్శ కూడా చూడమని అడగండి, పావుగంట పని. డాక్టరు దగ్గరికి గోళ్లరంగు తీసేసి, ఆ ట్యూబు, మాత్రల ఖాళీ స్ట్రిప్పు, షుగర్ మందుల చీటీ వెంట పెట్టుకుని వెళ్లండి.