2,600 రూపాయల అద్దానికి 15,000 అప్పు ఎందుకు?

ప్రశ్న: మాది విజయవాడ. 2013 మోడల్ స్విఫ్ట్ డిజైర్ పెట్రోల్ కారు ఉంది. సెల్లార్‌లో చోటు లేక వీధిలోనే పెడతాం. పోయిన ఆదివారం పిల్లలు ఆడుకుంటుంటే కార్క్ బాల్ తగిలి ఎడమ వైపు వెనక డోరు అద్దం మొత్తం రాలిపోయింది. సర్వీస్ సెంటర్‌లో 5,200 అవుతుందన్నారు. ఆటోనగర్‌లో ఫిట్టింగ్‌తో కలిపి 2,600కి వేస్తామన్నారు. నా జీతం చేతికి 58,000 వస్తుంది. మా ఆవిడకు ట్యూషన్ల మీద 9,000 వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 19,500, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్‌లు 12,000, చీటీ 10,000, బీమా ప్రీమియాలకు నెలకు 3,200 పోతాయి. ఇవాళ 18వ తారీఖు. ఖాతాలో 4,300 మిగిలాయి. ఫోన్‌లో ఒక లోన్ యాప్ 15,000 అప్పు వెంటనే ఇస్తానంటోంది. చేతికి 13,500 వస్తాయి, నెలకు 5,700 చొప్పున మూడు వాయిదాలు కట్టాలి. అద్దంతో పాటు గీతలకు పెయింట్, సీట్ కవర్లు కూడా చేయించేద్దామని ఆలోచన. తీసుకోవచ్చా? లేక ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా? ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, అయిదేళ్లుగా క్లెయిమ్ లేదు. పాత కారుకు వచ్చే ఏడాది నుంచి థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే వర్తించే బీమా) చాలని ఏజెంట్ అంటున్నారు. అసలు కారే మార్చేయమంటారా?

జవాబు: అప్పు తీసుకోవద్దు. ఆ యాప్‌ను ఇప్పుడే ఫోన్‌లోంచి తీసేసి, తర్వాత మిగతాది చదవండి.

మీ లెక్కలన్నీ మీరే రాశారు, ఒక్కటి తప్ప. చేతికి వచ్చేది 13,500, మీరు కట్టేది 17,100. తేడా 3,600. యాప్ మాత్రం 15,000కు 2,100 వడ్డీయే కదా అన్నట్టు చూపిస్తుంది, ముందే కోసుకున్న 1,500 మన కంటికి ఆనదు. పైగా నెలనెలా అసలు కూడా తీరుస్తూనే ఉంటారు కాబట్టి పూర్తి సొమ్ము మూడు నెలలూ మీ దగ్గర ఉండదు. అన్నీ కలిపి లెక్కేస్తే నెలకు నూటికి 12 రూపాయల 80 పైసల వడ్డీ పడుతోంది. ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే ఇదేం అన్యాయమని లేచి వచ్చేస్తాం. దానికి నాలుగు రెట్లు పైన ఉన్న వడ్డీకి ఫోన్‌లో వేలు నొక్కి ఒప్పేసుకుంటున్నాం. ఇలాంటి ఉత్తరాలు చదివినప్పుడల్లా నాకు కోపమూ వస్తుంది, భయమూ వేస్తుంది.

భయం ఎందుకంటే, 2020 చివర్లో తెలంగాణలో ఏం జరిగిందో మనం చూశాం. చిన్న చిన్న అప్పులకు బంధువులకు, ఆఫీసువాళ్లకు ఫోన్లు చేసి పరువు తీస్తే తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు నియమాలు తెచ్చింది. అప్పు డబ్బు బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాలోకి రావాలి, ఏడాది వడ్డీ ఖర్చులతో సహా ఎంతో ముందే రాసి చూపాలి, ఫోన్‌లోని కాంటాక్టుల జోలికి పోకూడదు. మీ యాప్ కాంటాక్టులు చూస్తానని అనుమతి అడిగిందేమో గుర్తు చేసుకోండి. అడిగి ఉంటే అది మీకు అప్పు ఇచ్చే మనిషి కాదు, మిమ్మల్ని పట్టుకునే మనిషి. ఇప్పటికే వివరాలు ఇచ్చేసి, ఎవరైనా బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. మీకు కావాల్సింది 2,600. అప్పు 15,000. మిగతా డబ్బు సీట్ కవర్లకు, పెయింటుకు. అప్పు దొరుకుతోందంటే అవసరం దానంతటదే పెరుగుతుంది. బంతి తగిలింది అద్దానికి, సీట్ కవర్లకు కాదు కదా!

అద్దం సంగతి ముందు తేల్చుకుందాం. ఖాతాలో 4,300 ఉన్నాయి. ఆటోనగర్‌లో 2,600 ఇచ్చి వేయించండి. జీతం వచ్చేదాకా మిగిలే 1,700తో ఇల్లు నడవడం కష్టమే, తెలుసు. ఆ పన్నెండు రోజులకు తమ్ముడినో, బావగారినో, ఆఫీసులో మిత్రుడినో రెండు వేలు చేతి బదులు అడగండి, ఒకటో తారీఖున తిరిగి ఇచ్చేయండి. అడగడానికి మొహమాటపడి యాప్‌కు పోయినవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. ఎదురింటివాళ్లకు తెలియకూడదని తీసుకున్న అప్పు చివరకు ఫోన్‌లో ఉన్న ప్రతి మనిషికీ తెలిసింది. బంతి కొట్టిన పిల్లల తల్లిదండ్రులను సగం ఖర్చు అడిగినా తప్పులేదు. క్రెడిట్ కార్డు ఉంటే గీకండి కానీ గడువులోగా మొత్తం కట్టేయాలి, వాయిదాలుగా మార్చకూడదు, దాంతో ఏటీఎంలో నగదు అసలే తీయకూడదు. చీటీ పాడటం, బంగారం పెట్టడం, సిప్ యూనిట్లు అమ్మడం ఈ మాత్రం ఖర్చుకు అనవసరం.

ఆటోనగర్ అంటే నాసిరకం అని భయపడకండి. పక్క డోరు అద్దం టఫెన్డ్ గ్లాసు. అందుకే దెబ్బ తగలగానే పలుకులు పలుకులుగా రాలిపోయింది. ముందు అద్దంలా జిగురు పోసి పగులు పూడ్చడం దీనికి కుదరదు, మార్చాల్సిందే. మార్చేటప్పుడు అద్దం మూలన ఉండే ముద్ర చూసి మంచి కంపెనీదే వేయించండి. అసలైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. డోర్ ప్యాడ్ విప్పించి, లోపల పడ్డ పలుకులన్నీ మీ ఎదుటే వాక్యూమ్‌తో తీయించండి. అవి లోపలే ఉంటే అద్దం దించిన ప్రతిసారీ గీతలు పడతాయి, అద్దాన్ని ఎత్తి దించే మెషీన్‌కు అడ్డం పడి అదీ పాడవుతుంది. అప్పుడు అద్దం కన్నా పెద్ద ఖర్చు తగులుకుంటుంది. గాజు దిగే కాలువలో రబ్బరు బాగుందో లేదో చూడమనండి, లేకపోతే వానకు నీళ్లు దిగుతాయి. పనిలో పని నల్ల ఫిల్మ్ వేస్తామంటారు, వద్దనండి. అద్దాలకు నల్ల ఫిల్మ్‌లు అంటించకూడదని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది, రోడ్డు మీద జరిమానా కట్టాల్సి వస్తుంది. పని అయ్యేదాకా మందపాటి పాలిథిన్ షీటు కప్పి, ఈ రెండు మూడు రోజులు ఎవరి పార్కింగ్ చోటైనా అడిగి కారు లోపల పెట్టండి.

ఇప్పుడు క్లెయిమ్. మీరు పంపిన సర్వీస్ సెంటర్ అంచనాలో అద్దం 3,400, రబ్బర్లు 600, లేబర్ 1,200 ఉన్నాయి. గాజుకు తరుగుదల (పాతబడినందుకు తగ్గించే మొత్తం) కోయరు. రబ్బరుకు సగం కోస్తారు, అంటే 300. మీది 1,500 సీసీ లోపు కారు కాబట్టి తప్పనిసరిగా మీరు భరించాల్సిన వాటా 1,000. చివరికి కంపెనీ ఇచ్చేది 3,900, మీ చేతి నుంచి 1,300.

ఇక్కడితో లెక్క ఆపేసి చాలామంది క్లెయిమ్ పెట్టేస్తారు. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపారు కాబట్టి మీకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మీ కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. ఈ ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది. తర్వాత ఏడాదికో మెట్టు చొప్పున 20, 25, 35, 45, మళ్లీ 50కి చేరాలి. అంటే అయిదు రెన్యువల్స్‌లో వరసగా 50, 30, 25, 15, 5 శాతం రాయితీ పోగొట్టుకుంటారు. మొత్తం 125 శాతం. మీ పాలసీలో బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 4,800 అని ఉంది. అది ఇదే స్థాయిలో ఉంటుందనుకుంటే 6,000 రూపాయలు పోతాయి, జీఎస్టీ కలపకుండానే. 3,900 కోసం 6,000 వదులుకోవడం! బోనస్ కాపాడే యాడ్-ఆన్ ఉంటే సంగతి వేరు, మీ పాలసీలో అది లేదు. కాబట్టి క్లెయిమ్ వద్దు.

క్లెయిమ్ వద్దన్నానని ఫుల్ ఇన్సూరెన్సే వద్దని అర్థం చేసుకోకండి. మీ ఏజెంట్ సలహా నాకు నచ్చలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో కార్లు ఎలా మునిగాయో విజయవాడవాళ్లకు నేను చెప్పాలా? థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్ల కారుకు బీమా కంపెనీ నుంచి రూపాయి రాదు. రాత్రీ పగలూ వీధిలో ఉండే కారు మీది. ఆ ప్రీమియం కట్టేది అద్దం కోసం కాదు, కారే పోయిన రోజు కోసం. పాలసీ రెన్యువల్ గడువు దాటనివ్వకండి. 90 రోజులు దాటితే ఆ 50 శాతం బోనస్ కూడా పోతుంది.

అద్దం వేయించడం రేపో ఎల్లుండో అయిపోతుంది. నేను ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం వేరే ఉంది. నెలకు 67,000 వచ్చే ఇంట్లో 2,600 ఖర్చు వస్తే అప్పు గురించి ఆలోచించాల్సి వచ్చింది. అదీ మీరు దుబారా చేయడం వల్ల కాదు. నెలకు 22,000 పొదుపు చేస్తున్నారు! సిప్‌లు, చీటీ, బీమా, అన్నీ సక్రమంగా నడుస్తున్నాయి. అవసరానికి చేయి పెడితే అందే డబ్బు మాత్రం ఎక్కడా లేదు. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే. పదేళ్ల తర్వాతి పిల్లల చదువుకు డబ్బు ఉంటుంది, పది రోజుల తర్వాతి ఖర్చుకు ఉండదు. మన అమ్మలు పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో అడుగున కొంత దాచేవాళ్లు. ఆ డబ్బుకు వడ్డీ రాలేదు, నిజమే. కానీ అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం వస్తే ఎవరి గుమ్మమూ ఎక్కకుండా కాపాడింది. ఆ డబ్బా మీ ఇంట్లో ఖాళీగా ఉంది. ముందు దాన్ని నింపాలి.

ఒకటో తారీఖు నుంచి మూడు నెలలు రెండు సిప్‌లూ ఆపండి. ఉన్న యూనిట్లు అమ్మొద్దు, కొత్తగా కట్టడం మాత్రమే ఆపండి. వాయిదా తారీఖుకు ముందే యాప్‌లో ఆపాలి, లేకపోతే ఖాతాలో డబ్బు లేక వెనక్కి పోయి బ్యాంకు చార్జీలు పడతాయి. నెలకు 12,000 చొప్పున మూడు నెలల్లో 36,000 అవుతుంది. మార్కెట్ పెరిగిపోతుందేమో అని మీకు అనిపిస్తుంది. అనిపించనివ్వండి. చేతిలో డబ్బు లేనప్పుడు నెలకు నూటికి 12 రూపాయల వడ్డీ కట్టడానికి సిద్ధపడ్డారు, ఏ ఫండ్ అంత రాబడి ఇస్తుంది?

ఈ డబ్బు జీతం ఖాతాలో ఉంచకండి, ఉంటే నిలవదు. వేరే బ్యాంకులో మీ ఇద్దరి పేర జాయింట్ ఖాతా తెరవండి. దాన్ని ఫోన్‌పేకు, గూగుల్‌పేకు జత చేయకండి. డెబిట్ కార్డు బీరువాలో పెట్టండి. 10,000 దాటిన సొమ్ము దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి పోయే స్వీప్ సౌకర్యం ఉంటే పెట్టించుకోండి. నాలుగో నెల నుంచి సిప్‌లు సగానికి, అంటే 6,000కు మళ్లీ మొదలుపెట్టి, మిగతా 6,000 ఈ ఖాతాకే పంపండి. ఈఎంఐ, ఇంటి ఖర్చు, బీమా కలిపి మీకు నెలకు తప్పనిసరిగా 45,000 కావాలి. మూడు నెలలకు సరిపడా 1,35,000 చేరేదాకా ఆగొద్దు. చీటీ చివర్లో వచ్చే డబ్బును కూడా ముందు ఇందులోకే వేయండి. అప్పుడు ఈ లక్ష్యం ఇంకా ముందే పూర్తవుతుంది. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు వైపు నడవండి. మీ ఇద్దరిదీ ప్రైవేటు ఆదాయమే, ఏదో ఒకటి ఆగిన నెలలో ఈఎంఐ ఆగదు.

దీనికి కారు ఖర్చులను కలపొద్దు. టైర్లు అరగడం, బ్యాటరీ దిగిపోవడం, ఇన్సూరెన్స్ రెన్యువల్ ఇవేవీ ఆపదలు కావు, ఎప్పుడో ఒకప్పుడు వస్తాయని ముందే తెలుసు. పన్నెండేళ్లు దాటిన కారు కాబట్టి వాటికి విడిగా నెలకు 1,500 పక్కన పెట్టండి. 2028లో మీ కారుకు పదిహేనేళ్లు నిండుతాయి. ఆర్‌సీ రెన్యువల్‌కు ఫీజే 5,000, ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఈలోగా వాటికి సరిపడా డబ్బు అక్కడే పోగవుతుంది. గీతలకు పెయింట్, సీట్ కవర్లు కూడా ఆ డబ్బులోంచే, అది పోగయ్యాకే.

కారు మార్చమంటారా అన్నారు. ఇంజిన్ బాగుంటే వద్దు. 19,500 ఈఎంఐ పక్కన ఇంకో ఎనిమిది, తొమ్మిది వేల ఈఎంఐ పెట్టుకునే స్థితిలో ఇప్పుడు మీరు లేరు. 2028లో ఆర్‌సీ రెన్యువల్‌కు ముందు, ఆ కొత్త ఖాతాలో 1,35,000 ఉన్న రోజున మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.