సమాధానం: చిన్న సందేశానికి 300 మిల్లీసెకన్లు ఎందుకు పడుతోంది

మీ క్లయింట్ (సర్వర్‌కు కాల్స్ పంపే ప్రోగ్రామ్) పంపే 2 కిలోబైట్ల సోప్ సందేశానికి (ఎక్స్ఎమ్ఎల్ రూపంలో వెళ్లే వెబ్ సర్వీస్ కాల్) ఇంత సమయం ఎందుకని అడిగారు. ప్రతి సందేశానికీ అది కొత్త కనెక్షన్ తెరుస్తున్నట్టుంది. సర్వర్ లాగ్‌లో 15 మిల్లీసెకన్లే కనిపిస్తూ, మీ వైపు 300 పడుతోందంటే మిగతా సమయం ఎక్కువగా దారిలోనే పోతోంది. కనెక్షన్ తెరిచే టీసీపీ పలకరింపుకు సర్వర్ దాకా ఒక రాకపోక, గుప్తీకరణకు టీఎల్ఎస్ 1.2 వాడుతుంటే దానిపై మరో రెండు. అసలు సందేశం ఇంకా బయలుదేరనే లేదు!

1. కాల్స్ నడుస్తుండగా నెట్‌స్టాట్ (కనెక్షన్ల జాబితా చూపే కమాండ్) చూడండి. ఒకే సర్వర్ చిరునామాకు టైమ్ వెయిట్ (మూసేశాక కాసేపు మిగిలే కనెక్షన్ల) వరుసలు గుట్టలుగా ఉంటే అనుమానం నిజమే.

2. క్లయింట్ ఆబ్జెక్టును లూప్ బయట ఒక్కసారే సృష్టించి, అన్ని కాల్స్‌కూ దాన్నే వాడండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: జవాబును చివరి బైటు వరకు చదివి, స్ట్రీమ్ (జవాబు బైట్లు వచ్చే ప్రవాహం) మూసేయండి. సర్వర్ నుంచి 500 లోపం వచ్చినప్పుడు కూడా! జావా హెచ్‌టీటీపీ యూఆర్ఎల్ కనెక్షన్‌లో లోపం జవాబు ఎర్రర్ స్ట్రీమ్‌లో వస్తుంది. లోపాన్ని పట్టే క్యాచ్ బ్లాకులో లాగ్ రాసి వదిలేస్తే ఆ కనెక్షన్ మళ్లీ వాడకానికి రాకపోవచ్చు. కీప్ అలైవ్ (కనెక్షన్‌ను మూయకుండా మళ్లీ వాడే ఏర్పాటు) పెట్టినా లాభం లేదనే వాళ్లలో చాలామంది చిక్కుకునేది ఇక్కడే. దయచేసి ముందు ఇదే సరిచూడండి.

4. సర్వర్ కీప్ అలైవ్ గడువు మీ రెండు కాల్స్ మధ్య విరామం కన్నా ఎక్కువ ఉండాలి.

జిప్ కుదింపు జోలికి ఇప్పుడే వెళ్లకండి, 2 కిలోబైట్లకు దానివల్ల ఒరిగేది తక్కువ. ఫైళ్లు జతచేస్తుంటే మాత్రం ఎమ్‌టీఓఎమ్ (సోప్‌లో ఫైలును ఉన్నదున్నట్టు బైట్లుగా పంపే పద్ధతి) వాడండి. ఫైలును అక్షరాలుగా మార్చే బేస్64లో ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి.

మార్చాక నెట్‌స్టాట్ మళ్లీ చూడండి: ఎస్టాబ్లిష్డ్ (తెరిచి ఉన్న కనెక్షన్ల) వరుసలు కొన్నే, స్థిరంగా ఉండాలి.