హైదరాబాద్‌లో పిట్టలు, పాములు, కుంటలు: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు హైదరాబాద్, చుట్టుపక్కల నుంచే వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు. సెలవొస్తే మాల్, లేదంటే జూ. వాళ్లకి నిజమైన ప్రకృతి చూపించాలంటే ఎంత దూరం వెళ్లాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: దూరం ఎందుకండీ, మీకు దగ్గర్లోనే అమీన్‌పూర్ పెద్దచెరువు ఉంది కదా. కుతుబ్‌షాహీల నాటి చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, నగరాల్లోని చెరువుల్లో దేశం మొత్తమ్మీద ఆ గుర్తింపు మొదట వచ్చింది దానికే. పొద్దున్నే ఆరున్నరకల్లా గట్టు మీద ఉండేలా చూసుకోండి, ఎండ ముదిరాక పిట్టలూ కనపడవు, పిల్లలూ విసిగిపోతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షులు ఉంటాయి. ఆ నెలల్లో కాకపోయినా బుడుబుంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, కొంగలు ఎలాగూ ఉంటాయి.

వానాకాలంలో వెళ్తే గిజిగాళ్లని చూపించండి. నీటి మీదికి వంగిన ఈతచెట్టో తుమ్మచెట్టో కనపడితే చాలు, అక్కడ ఆగిపోండి. మగపిట్ట తల మీద పసుపు రంగు టోపీ ఉంటుంది. అది ఈతాకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, అక్కడ పట్టుకుని ఒక్కసారి ఎగురుతుంది, సన్నటి పొడుగాటి పోగు చీలి దాని ముక్కుకి వచ్చేస్తుంది. గూడు సగం అల్లాక ఆడపిట్ట వచ్చి లోపలికీ బయటికీ తిరిగి చూసుకుంటుంది. నచ్చితేనే మగపిట్ట కింద గొట్టం అల్లి గూడు పూర్తి చేస్తుంది, నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. పిల్లలు దీని ముందు అరగంట సేపు కదలకుండా నిలబడతారు, ఫోన్ అడగరు.

కేబీఆర్ పార్కులో నెమళ్లున్నాయి, వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి, చిలుకూరు దగ్గర మృగవని జాతీయ పార్కు ఉంది. అన్నీ చూడండి. కానీ నా మాట వింటే పది చోట్లకి ఒక్కోసారి వెళ్లడం కంటే ఒక్క చెరువుకి ఏడాది పొడుగునా వెళ్లడం మేలు. ఏ నెలలో ఏ పిట్ట వచ్చింది, ఎన్ని కనపడ్డాయి, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి, ఇవన్నీ పిల్లల చేత ఒక నోట్‌బుక్‌లో రాయించండి. పేర్లు తెలియకపోతే మెర్లిన్ యాప్ సాయపడుతుంది. తర్వాత ఆ లెక్కల్ని ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో పెట్టండి, ఎందుకంటే అలా పెట్టినవి పరిశోధన చేసేవాళ్లకీ పనికొస్తాయి. తోడు కావాలంటే డెక్కన్ బర్డర్స్, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ లాంటి బృందాలున్నాయి, కొత్తవాళ్లు వాళ్లతో కలిసి వెళ్లొచ్చు.

ప్రశ్న: వానలు మొదలయ్యాయంటే మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పాములు. వాచ్‌మన్ కర్రతో కొట్టేస్తాడు, అందరూ మెచ్చుకుంటారు. నాకు బాధేస్తుంది, కానీ పిల్లలు ఆడుకునే చోటు కదా, టెన్షన్ కూడా ఉంది. (ముగ్గురు పాఠకులు)

జవాబు: మీ టెన్షన్ సహజమే. అయినా కొట్టించకండి. సెల్లార్లలోకి వచ్చేవాటిలో చాలావరకు జెర్రిగొడ్లూ నీరుకట్టెలూ. రెండింటికీ విషం లేదు. జెర్రిగొడ్డు మనిషికంటే పొడుగు పెరుగుతుంది, అది చూసి నాగుపామని భయపడి చంపేస్తారు, నిజానికి అది వచ్చింది మీ చెత్తడబ్బాల దగ్గర చేరిన ఎలుకల కోసం. నాగుపాము, జెర్రిగొడ్డు, రక్తపింజర లాంటివాటిని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా మీ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి, చాలామందికి ఆ సంగతి తెలియదు.

పాము కనపడితే పిల్లల్ని పక్కకి పంపి, ఒక మనిషి దూరంగా నిలబడి అది ఎటు పోతోందో చూస్తూ ఉండాలి. అంతకుమించి మీరేం చేయక్కర్లేదు. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకి ఫోన్ చేస్తే పట్టుకుని తీసుకెళ్తారు, నగరంలో వాళ్లు 1995 నుంచీ ఈ పని చేస్తున్నారు. వాళ్ల నంబరు ఇప్పుడే రాసి లిఫ్ట్ పక్కన అంటించండి, పాము వచ్చాక వెతుక్కుంటే కర్రే ముందు దొరుకుతుంది.

ఎవరినైనా కాటేస్తే గాయం కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కరిచిన చెయ్యో కాలో కదపకుండా యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కట్లపాము రాత్రిపూట కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు, కాబట్టి ఏమీ లేదులే అనిపించినా ఆగకండి.

ప్రశ్న: మా పక్క ఖాళీ ప్లాట్‌లో ఒక పిట్ట నేల మీదే గుడ్లు పెట్టింది. దగ్గరికెళ్తే అరుస్తూ తల మీదికి దూసుకొస్తోంది. అది అరిస్తే అశుభమని మా అత్తగారు తరిమెయ్యమంటున్నారు. (ఒక పాఠకురాలు, ఘట్‌కేసర్)

జవాబు: అది తీతువు పిట్ట. గూడంటూ ఏమీ కట్టదు, నాలుగు గులకరాళ్ల మధ్య మచ్చల గుడ్లు పెట్టేస్తుంది, మూడడుగుల దూరం నుంచి చూసినా రాయేదో గుడ్డేదో తేల్చుకోలేం. అందుకే అంత అరుపు, మీ కాలు పడుతుందేమోనని. మీ అత్తగారికి ఆ అరుపు ఎవరి కోసమో చెప్పండి, ఒకసారి తీసుకెళ్లి దూరం నుంచి చూపించండి కూడా. మండుటెండల్లో అది నీళ్ల దగ్గరికెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. పొదగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కాసేపటికే నడిచి వెళ్లిపోతాయి. అప్పటిదాకా అటువైపు చెత్త పోయకుండా, కుక్కలు పోకుండా చూడండి, చాలు.

ప్రశ్న: మా కాలనీ వెనక చిన్న కుంటలో రాత్రిళ్లు టిప్పర్లతో మట్టి పోస్తున్నారు. అడిగితే పట్టా భూమి అంటున్నారు. మేం ఏం చేయగలం? (రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: ముందు ఒక మాట సార్, రాత్రిపూట వెళ్లి టిప్పర్లకి అడ్డం నిలబడకండి. పగలు చేయాల్సిన పని చాలా ఉంది.

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతని ఎఫ్‌టీఎల్ అంటారు. దాని బయట చెరువు కాపుదలకి వదిలే బఫర్ జోన్ ఉంటుంది, పెద్ద చెరువులకి 30 మీటర్లు, పది హెక్టార్లకి లోపు ఉన్నవాటికి 9 మీటర్లు. పట్టా భూమి అయినా సరే, ఎఫ్‌టీఎల్ లోపల మట్టి పోసే హక్కు ఎవరికీ లేదు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులున్నాయి, మీ కుంట పేరు, సర్వే నంబరు అందులో చూసుకోండి. పాత శాటిలైట్ ఫొటోలు గూగుల్ ఎర్త్‌లో దొరుకుతాయి, ఏ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో ప్రింటు తీయండి. తేదీతో సహా మీ ఫొటోలు, మీరు చూసిన పక్షుల జాబితా కూడా జత చేయండి, అక్కడ కుంటే లేదని రేపు ఎవరైనా వాదిస్తే బుడుబుంగ అక్కడ ఈదిందన్న రికార్డు పనికొస్తుంది. చెరువుల ఆక్రమణల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ హైడ్రా, 2024లో వచ్చింది, సోమవారాల్లో ప్రజావాణి పెట్టి ఫిర్యాదులు తీసుకుంటోంది, ఒక్కరే కాకుండా కాలనీ తరఫున సంతకాలతో వెళ్లి ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఇప్పటికే పోయిందిలే అని మాత్రం వదిలేయొద్దు. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట మట్టితో, పిచ్చిచెట్లతో పూడిపోయి ఉండేది. 2025లో తవ్వితే నీళ్లు పడ్డాయి, అదే ఏడాది చెరువుగా జనానికి తెరిచారు. మీ కుంట ఇంకా సగం బతికే ఉంది.

ప్రశ్న: దసరాకి పాలపిట్టని పంజరంలో తెచ్చి చూపించేవాళ్లకి డబ్బులివ్వడం తప్పా? (ఒక పాఠకుడు)

జవాబు: తప్పే. ఆ పిట్టని వలేసి పడతారు, ఎగరకుండా రెక్కలు కట్టేస్తారు, పండగయ్యేసరికి చాలావాటికి ఎగిరే సత్తువే ఉండదు. మన రాష్ట్ర పక్షిని పట్టడం చట్టప్రకారం నేరం కూడా. మీరు డబ్బులిస్తే వచ్చే ఏడు ఇంకో రెండు పడతారు. ఎవరైనా పంజరంతో తిరుగుతుంటే అటవీశాఖకి చెప్పండి. దర్శనం కావాలంటే చేవెళ్ల వైపు పొలాల మీదుగా పోయే కరెంటు తీగలు చూసుకుంటూ వెళ్లండి, దసరా రోజుల్లో తీగల మీద కనపడే అవకాశం బాగానే ఉంటుంది. కనపడితే కారులోంచి దిగకండి, దిగితే ఎగిరిపోతుంది. అద్దం దించుకుని లోపలి నుంచే చూడండి.