స్పాన్సర్లు వస్తారన్న నమ్మకంతో ప్లాటు అమ్మకండి

ప్రశ్న: మాది ఉప్పల్. మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. ఎంఎంఏ (బాక్సింగ్, కుస్తీ లాంటివి కలిపి ఆడే పోరాట క్రీడ) నేర్చుకుంటున్నాడు, చిన్న పోటీల్లో గెలిచాడు కూడా. చదువు ఆపి ఏడాది థాయ్‌లాండ్‌లో ట్రైనింగ్ తీసుకుంటే యూఎఫ్‌సీ (ఎంఎంఏ పోటీలు నడిపే పెద్ద అమెరికా కంపెనీ) దాకా వెళ్తాడని, అక్కడ ఫైట్ డబ్బుల కంటే స్పాన్సర్ల డబ్బే ఎక్కువని కోచ్ అంటున్నారు. ఘట్‌కేసర్ దగ్గరున్న ప్లాటు అమ్ముదామనుకుంటున్నాను. ఇంటర్‌లో వాడికి ఇష్టం లేకపోయినా ఎంపీసీలో చేర్పించాను. ఇప్పుడూ కాదంటే జీవితాంతం నన్నే అంటాడు. ఎంఎంఏ మంచిదా, బాక్సింగా?

జవాబు: ప్లాటు అమ్మకండి. ఎందుకో చెప్తాను.

కోచ్ గారు చెప్పింది ఒకప్పుడు కొంతమంది విషయంలో నిజమే. అప్పట్లో యూఎఫ్‌సీ ఫైటర్ షార్ట్స్ మీద, వెనకాల పట్టుకునే బ్యానర్ మీద సొంత స్పాన్సర్ల లోగోలు ఉండేవి. అవి టీవీలో కనపడతాయి కాబట్టే చిన్న కంపెనీలు కూడా డబ్బిచ్చేవి. 2014 డిసెంబరులో యూఎఫ్‌సీ క్రీడా దుస్తుల కంపెనీ రీబాక్‌తో ఒప్పందం ప్రకటించింది. 2015 జులై నుంచి అందరూ ఒకే కిట్ వేసుకోవాలి. సొంత లోగోలు, బ్యానర్లు బంద్. బదులుగా అనుభవాన్ని బట్టి ఒక్కో ఫైట్‌కు ఇంత అని ఇచ్చారు: ఐదు ఫైట్ల లోపు వాళ్లకు 2,500 డాలర్లు, చాంపియన్‌కు 40,000.

హెవీవెయిట్ ఫైటర్ బ్రెండన్ షాబ్ తన ఆరుగురు స్పాన్సర్లూ తప్పుకున్నారని అప్పుడే బయటికి చెప్పాడు. ఫైటర్ల గాయాలకు కట్టుకట్టే స్టిచ్ డురాన్, తమలాంటి వాళ్లకు ఆ ఒప్పందంలో ఏమీ దక్కలేదని మాట్లాడాక ఆ పని పోగొట్టుకున్నాడు. 2021లో రీబాక్ స్థానంలో మరో దుస్తుల కంపెనీ వెనమ్ వచ్చింది. కొత్తవాళ్ల మొత్తం 4,000 డాలర్లయింది. మీ అబ్బాయి అంతదాకా వెళ్లి ఏడాదికి మూడు ఫైట్లు చేస్తే ఈ పద్దు కింద వచ్చేది సుమారు 10 లక్షల రూపాయలు. పన్నులు, కోచ్ వాటా, మేనేజర్ వాటా ఇంకా తియ్యలేదు. గాయమై ఆ ఏడాది ఒక్క ఫైటూ పడకపోతే అదీ ఉండదు. ఫైటర్లు కంపెనీ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మనుషులు. యూనిఫాం ఉంటుంది, నెల జీతం ఉండదు.

బయట, ఇన్‌స్టాగ్రామ్‌లో సొంత స్పాన్సర్లను పెట్టుకోవచ్చు కదా అని అబ్బాయి అంటాడు. పెట్టుకోవచ్చు. పేరున్నవాడికి అది చెల్లుతుంది. కొత్తవాడి దగ్గర అమ్ముకోవడానికి ఉన్నదే టీవీలో కనపడే ఆ కొద్ది నిమిషాలు, వాటిని కంపెనీ ఎప్పుడో అమ్మేసుకుంది. ఎంఎంఏ మీద నాకున్న అనుమానం ఇదే. ఈ ఆట నేర్పే చోట రీల్స్ చూపిస్తారు, బెల్టులు చూపిస్తారు, ఒప్పంద పత్రం మాత్రం చూపించరు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు నా దగ్గరికి వచ్చి స్పాన్సర్ల గురించి మాట్లాడతారు. ఎక్స్‌క్లూజివ్ (హక్కులన్నీ ఒకే కంపెనీకి) అంటే తనకు ఏం మిగులుతుందని ఎవరూ అడగరు.

ఇక మీతో ఒక మాట. కోపం తెచ్చుకోకండి. మీరు అడిగింది కెరీర్ గురించి కాదు. ఎంపీసీ తప్పును ప్లాటుతో కడిగేసుకుందామనుకుంటున్నారు. అప్పుడు వాణ్ని అడగకుండా నిర్ణయించారు, ఇప్పుడు లెక్క అడగకుండా ఒప్పుకుంటున్నారు. రెండుసార్లూ వాడితో కూర్చుని మాట్లాడింది లేదు. రేపు మోకాలు దెబ్బతిని తిరిగొస్తే, "నా కోసం నాన్న ప్లాటు పోయింది" అన్న బరువు కూడా వాడి మీదే పడుతుంది. అది మీరు వాడికి ఇవ్వదలచుకున్నదేనా?

బాక్సింగ్ సంగతి. అది ఒలింపిక్ క్రీడ, జాతీయ స్థాయి పతకాలకు రైల్వే, సర్వీసెస్ (సైన్యం), పోలీసు ఉద్యోగాల దారి ఉంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యాక 2024లో తెలంగాణ పోలీసులో డీఎస్పీగా చేరింది. అందరూ నిఖత్ కాలేరు, కానీ రాష్ట్ర స్థాయి పతకం కూడా కాగితం మీద ఎక్కడో ఒకచోట పనికొస్తుంది. అయితే వాడికి మనసు లేని ఆటలోకి మళ్లీ మీరే తోయకండి.

భయపడకండి, మీ అబ్బాయి పాడైపోలేదు. తెల్లారకుండా లేచి, బరువు చూసుకుని, దెబ్బలు తిని మళ్లీ వెళ్తున్న కుర్రాడు క్రమశిక్షణ లేనివాడు కాదు. మీ మీద ద్వేషం ఉంటే థాయ్‌లాండ్ గురించి మీకు చెప్పేవాడే కాదు. డిగ్రీకి ఇంకా ఏడాదిన్నర ఉంది. అది పూర్తి చేస్తూ ఇక్కడే పోటీలు ఆడనివ్వండి. యూఎఫ్‌సీలో గెలిచిన పూజా తోమర్, అన్షుల్ జుబ్లీ కూడా మన దేశపు పోటీల్లో ఆడి ఎదిగినవాళ్లే.

ఈ ఆదివారం ఇద్దరూ కలిసి కోచ్ గారి దగ్గరికి వెళ్లండి. ఆయన శిష్యుల్లో ఎవరికి, ఏ స్పాన్సర్ నుంచి, ఎంత వచ్చిందో కాగితం మీద రాసిమ్మనండి. గాయమైతే ఆస్పత్రి ఖర్చు ఎవరిదో అడగండి. ప్రశ్నలు అబ్బాయినే అడగనివ్వండి, మీరు పక్కన కూర్చోండి.